కార్యనిర్వహణ విద్యకు గురువును వెదకుట

(నంద్యాలయందు జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో ఆళ్లగడ్డ శాఖా కార్యదర్శి గావించిన యుపన్యాసము)



 నేను పండితుడను గాను, వక్తను గాను. ఆళ్లగడ్డ శాఖ లెక్కల పుస్తకమును, తీర్మానముల పుస్తకమును భద్రపరచు కార్యదర్శిని మాత్రమే. మన పూర్వుల ఘనతను గూర్చియు, ఐకమత్యమును గూర్చియు మాటలాడ సమర్థులు ఈ వేదికపై ననేకులు గలరు. నేను మిక్కిలి చిన్నదిగా తోచు నొక విషయమును మీ ముందుంచెదను. తలపెట్టిన పనిని అనుకొన్న దినమునకు, అనుకొన్న వ్యయములో, అనుకొన్నవారికి చేరునట్లు చేయుట యెట్లు? ఆ విద్యను మనవంటి చిన్న సంఘమునకు నేర్పువారెవరు? వారిని వెదకి కనుగొనుట యెట్లు? ఇదియే నా విషయము.

ఈ విషయము నాకేల పట్టినదో మొదట విన్నవించెదను. మా శాఖలో పని చేయువారము ఏడుగురము. ఒకరు ఉపాధ్యాయులు, ఒకరు బట్టల దుకాణమువారు, ఒకరు భీమా ఏజెంటు, ఒకరు శిల్పశాల మేస్త్రి, ఇద్దరు గృహిణులు, ఏడవవాడను నేను. అందరమును మా మా వృత్తులు చూచుకొని, మిగిలిన వేళలలో సంఘము పని చేయువారమే. జీతములేని సేవ. రెండేండ్ల క్రిందట ఒక బీద బాలికకు కళాశాల రుసుము చెల్లించుటకు తీర్మానించితిమి. దాతలు ధనమిచ్చిరి. బ్యాంకులో సొమ్ము చేరెను. రుసుము చెల్లింపవలసిన కడపటి దినము మాకందరకును తెలియును. ఆ దినము వచ్చెను, పోయెను. ఉపాధ్యాయులు కార్యదర్శి చెల్లించియుండునని తలచిరి. నేను కోశాధికారి చెల్లించియుండునని తలచితిని. కోశాధికారి నా సంతకము కొరకు వేచియుండెను. మూడవనాడు సొమ్ముతో పోవునప్పటికి ఆ స్థానము వేరొకరికి పోయినది.

ఆ బాలిక తల్లి మమ్ము నిందింపలేదు. "దుడ్డు లేక పోయింటే ఏడ్చి ఊరుకుందును గదన్నా, దుడ్డుండీ పాయె గదా" అని మాత్రమనెను. ఆ మాట నేటికిని నా చెవులలో నున్నది. దోషమెవరిదని విచారించితిమి. ఎవరిదియు గాదని తేలినది. కావుననే అందరిదియు నని గ్రహించితిమి. పదిమంది చేతిలో పాము చావదన్న సామెత మన పెద్దలు మనవంటి సంఘములను చూచియే పుట్టించి యుందురు.

మహాజనులారా! మనకు లోపించినది ధనము గాదు, దయ గాదు. పనిని భాగములుగా విడదీసి, ఏ భాగమునకు ఎవరు బాధ్యులో, ఏ దినమునకు ముగియవలెనో, ఏ విఘ్నము రాగలదో ముందుగా వ్రాసికొని నడపు నేర్పు లోపించినది. దీనినే నేడు ప్రాజెక్టు మేనేజ్‌మెంటు అనుచున్నారు. నేను కార్యనిర్వహణ విద్య యనెదను. ఇది పరదేశపు వింత యని కొందరు తలంతురు. పేరు క్రొత్తది గాని పని క్రొత్తది గాదు. మన యిండ్లలో పెండ్లి చేయు తల్లి ఏమి చేయుచున్నది? ముహూర్తమును జరుప వీలులేదు గావున, ఆ ఘడియనుండి వెనుకకు లెక్కించుకొనుచు వచ్చును. తాళిబొట్టు ఎన్నడు చేయింపవలెను, శుభలేఖలెన్నడు పంచవలెను, వంటవానికి బయానా ఎన్నడియ్యవలెను, ఏది ఆలస్యమైనచో పెండ్లి యాగును, ఏది ఆలస్యమైనను ఫరవాలేదు, ఇవన్నియు నామె మనసులో నుండును. 1957లో అమెరికాలోని డూపాంట్ కంపెనీవారును, 1958లో పొలారిస్ క్షిపణుల నిర్మాణమునందు ఆ దేశపు నౌకాదళమువారును ఈ లెక్కనే శాస్త్రముగా పటములపై నిలిపిరి. అంతకు ముందే హెన్రీ గాంట్ అను ఇంజనీరు, ఏ పని ఏ దినము మొదలై ఏ దినము ముగియునో అడ్డుగీతలతో చూపు పటమును ప్రచారములోనికి దెచ్చెను. మన తల్లి మనసులో నుంచుకొన్నదానిని వారు గోడమీద వ్రాసిరి. భేదమింతియే. కాని సంఘమునకు ఒక మనసు లేదు, ఏడు మనసులున్నవి. అందుచేత మనకు గోడ కావలెను.

ఈ విద్య లోపించినచో ఘనులకు సైతము తిప్పలు తప్పవనుటకు దూరము పోనక్కరలేదు. ఈ నంద్యాల ప్రక్కనుండి పారుచున్న కర్నూలు-కడప కాలువనే చూడుడు. సర్ ఆర్థర్ కాటన్ ఊహించిన మహాకార్యములలో నిదియొకటి. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ యను ఇంగ్లీషు కంపెనీ పది లక్షల పౌనుల మూలధనముతో, నూటికి అయిదు వడ్డీకి ప్రభుత్వపు హామీతో, 1860-70 దశాబ్దమున దీనిని త్రవ్వించినది. సుంకేసులయొద్ద తుంగభద్రకు అడ్డుకట్ట, అచ్చటినుండి కడపవరకు సుమారు 300 కిలోమీటర్ల కాలువ. సేద్యమునకు నీరు, సరకులకు పడవదారి, రెండును సిద్ధించునని వారి యాశ. కాని మూలధనము కాలువ పూర్తిగాక మునుపే కరిగిపోయినది. ప్రభుత్వము అప్పియ్యవలసి వచ్చినది. కాలువ వచ్చిన పిమ్మటనైనను, నల్లరేగడి నేలలలో జొన్నయు ప్రత్తియు పండించుచుండిన రైతులు కంపెనీ యెదురుచూచినంత వేగముగా నీటిని కొనలేదు. కడకు 1882లో ప్రభుత్వమే దానిని కొనవలసివచ్చెను. నేడు ఆ కాలువ క్రింద రెండు లక్షల అరువదియైదు వేల యెకరములకు పైగా ఆయకట్టున్నది. కావున పని చెడ్డది గాదు. వ్యయము లెక్క చాలలేదు. ఎవరికొరకు పని చేయుచున్నారో వారి సేద్యపు తీరు ఆ లెక్కలోనికి తగినంతగా రాలేదు. పది లక్షల పౌనులకు వచ్చిన చిక్కు మన పదివేల రూపాయలకు రాదా?

ఆ బాలిక విషయము జరిగిన పిదప మేము గురువును వెదకితిమి. మొదట పొరబడితిమి. దూరపు కొండలు నునుపు గదా! ఒక పట్టణమునుండి పేరుగల శిక్షకు నొకరిని పిలిపించితిమి. ఆయన ఒక్కదినముండిరి. తెరమీద నూరుకు పైగా పుటలు చూపిరి. అన్నియు ఇంగ్లీషులోనివి, ఉదాహరణములన్నియు కంప్యూటరు కంపెనీలవి. మధ్యాహ్నభోజనమైన పిదప మా గృహిణులిద్దరును ఒకరి మొగమొకరు చూచుకొనుచుండిరి. సాయంకాలము మాకు తలకొక ప్రశంసాపత్రము లభించెను. మరునాడు మా తీర్మానముల పుస్తకములో నొక్క యక్షరమైనను మారలేదు. ఆయనను నిందించుట న్యాయము గాదు. మా పని యేమో, మా చిక్కు లెట్టివో మేమాయనకు ముందుగా తెలుపలేదు. రోగము చెప్పనివాడు వైద్యుని దూరరాదు.

అప్పుడు మాకు బుద్ధి వచ్చెను. గురువును వెదకుటకు ముందు ఒక కాగితము వ్రాసితిమి. దానిలో నాలుగే సంగతులు. ఒకటి: ఈ సంవత్సరము మేము చేయదలచిన పనులేవి? విద్యార్థులకు రుసుములు, వసతిగృహము మరమ్మతు, ఒక వైద్యశిబిరము. రెండు: క్రిందటి సంవత్సరము ఏ పని యెచ్చట చెడినది? మూడు: మాలో నెవరికి వారమునకు ఎన్ని గంటల తీరిక గలదు? నాలుగు: శిక్షణకు మేమియ్యగల సొమ్మెంత? ఈ కాగితము వ్రాయుటకు మాకు మూడు సమావేశములు పట్టినవి. రెండవ ప్రశ్నయొద్ద కొంత కోపతాపములును కలిగినవి. కాని వ్రాసి ముగించునప్పటికి సగము విద్య వచ్చినట్లు తోచినది. ఈ కాగితము లేక గురువును వెదకుట ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లగును.

ఇక నెచ్చట వెదకవలెను? మీలో ననేకులకు ఉపయోగపడునని మేము తెలిసికొన్న కొన్ని మార్గములను విన్నవించెదను. అమెరికాయందు 1969లో స్థాపింపబడిన ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ అను సంస్థ ఈ విద్యయందు పరీక్షలు జరిపి పి.ఎం.పి. యను యోగ్యతాపత్రమొసంగుచున్నది. పట్టభద్రులైనవారు సాధారణముగా మూడేండ్లు పనులు నడపిన యనుభవమును, 35 గంటల శిక్షణను చూపినగాని ఆ పరీక్షకు కూర్చుండరాదు. దాని శాఖ హైదరాబాదున పెర్ల్ సిటీ చాప్టరను పేర గలదు. స్వచ్ఛందసేవకులే దానిని నడపుచున్నారు. ధర్మసంస్థల పనికి తగినట్లుగా వ్రాయబడిన పి.ఎం.డి. ప్రో యను మార్గదర్శకగ్రంథమును పి.ఎం. ఫర్ ఎన్జీవోస్ అను సంస్థ ప్రచురించినది. గ్రామసేవకై శిక్షణలిచ్చు జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ హైదరాబాదు రాజేంద్రనగరమున గలదు. కేంద్రప్రభుత్వపు స్వయం వేదికపై ఈ విద్యకు సంబంధించిన పాఠములను ఉచితముగా వినవచ్చును. పరీక్ష వ్రాసి పత్రము పొందగోరువారికే రుసుము.

ఇవన్నియు మంచివే. అయినను యోగ్యతాపత్రము ఆయనకు విద్య వచ్చునని చెప్పునే గాని, మనకు నేర్పగలడని చెప్పదు. కావున గురువుగా నెవరిని తలచినను అయిదు ప్రశ్నలడుగుడని నా మనవి.

మొదటిది: అయ్యా, తాము జీతములేని సేవకులతో నెన్నడైన పని చేయించితిరా? జీతగానికి ఆజ్ఞ చాలును. సేవకునికి ఒప్పుదల కావలెను. రెండవది: తాము తెలుగులో బోధింతురా? మా యింటి ఆడువారు సందేహమడిగిన విసుగుకొనక చెప్పుదురా? మూడవది: తమ పాఠమున మా పనులనే ఉదాహరణములుగా తీసికొందురా? నాలుగవది: పాఠమైన నెలకు మరల వచ్చి, మేమెంతవరకు నడచితిమో చూతురా? అయిదవది: తాము నడపిన పనులలో చెడిపోయిన దొకటి చెప్పుదురా? ఈ కడపటి ప్రశ్నకు నవ్వి సమాధానము చెప్పినవానిని విడువకుడు. నా పనియేదియు చెడలేదనువానికి నమస్కరించి పంపివేయుడు.

ఇంతకంటె ముఖ్యమైన గుర్తు మరియొకటి కలదు. మనమడుగు ప్రశ్నలకంటె ఆయన మనలనడుగు ప్రశ్నలను చూడవలెను. తన రుసుమును, తన పాఠముల సంఖ్యను మొదట చెప్పువాడు వర్తకుడు. మన తీర్మానముల పుస్తకమును మొదట అడుగువాడు గురువు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనము తలంతుము. మా పెరటిచెట్టే మాకు మందైనది. నీటిపారుదల శాఖయందు ముప్పదియేండ్లు కాలువ గట్లపై తిరిగి విశ్రాంతి పొందిన పెద్ద యొకరు ఈ నంద్యాలలోనే యున్నారు. వారి పేరు వేదికపై చెప్పవలదని వారు కోరుటచే చెప్పుట లేదు. మా కాగితమును చదివి వారడిగిన మొదటి ప్రశ్న యిది: "మీ కాలువకు చివరి చేను ఏది?" మాకర్థము కాలేదు. అప్పుడు వారు చెప్పిరి: "అయ్యా, తూము తెరచినంతమాత్రమున నీరు పారించినట్లు గాదు. చివరి చేనికి నీరు చేరినదా యని పోయి చూచినవాడే కాలువ నడపినవాడు. మీరు దాతలయొద్ద సొమ్ము తీసికొనుటను పని యనుకొంటిరి. అది తూము. రుసుము చెల్లించిన రశీదు ఆ బాలిక చేతిలో పడుట చివరి చేను." మాలో నెవ్వరును మాటలాడలేదు.

ఆ పెద్ద ఆరు ఆదివారములు, పూటకు రెండు గంటల చొప్పున, సుమారు నలువది కిలోమీటర్ల దూరము బస్సులో ఆళ్లగడ్డకు వచ్చి మాకు నేర్పిరి. తెర లేదు, దీపము లేదు. ఒక పెద్ద కాగితమును గోడకంటించి, క్రింద తేదీలు, ప్రక్కను పనులు వ్రాయించిరి. ఒక్కొక్క పనికి ఒక్క పేరే యుండవలెనని నియమము. ఇద్దరి పేర్లు వ్రాసిన కొట్టివేసిరి. ప్రతి పనికిని కడపటి తేదీకి ఏడుదినములు ముందుగా మా తేదీ పెట్టించిరి. సంతకము చేయువాడు ఊరిలో లేనిచో ఎవరు చేయవలెనో తీర్మానము వ్రాయించిరి. వాట్సాప్‌లో "అట్లే" యని బొటనవ్రేలు చూపుట బాధ్యత వహించుట కాదని, పని ముగిసినచో రశీదు బొమ్మ పంపవలెనని కట్టడి చేసిరి.

మాలోని శిల్పశాల మేస్త్రి రెండవ ఆదివారమే యిట్లనెను: "ఇది మేము చేయునదే గదా! రాతిమీద గీత గీయక ఉలి పెట్టము. చెక్కివేసిన రాయి మరల అతుకదు. ముక్కు చెక్కువాడొకడే, ఇద్దరు చెక్కిన ముక్కు మిగులదు." మా ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన దేవతామూర్తులు ఎన్ని యూళ్ల గుడులలోనో పూజలందుకొనుచున్నవి. ఆ నేర్పు మా యూరనే యుండగా మేము దానిని సంఘము పనికి తెచ్చుకొనలేకపోతిమి. గురువు చేసిన మేలు ఇదియే. మనలోనున్న విద్యను మనకు చూపెను.

ఫలితమేమని యడుగుదురు. ఈ సంవత్సరము మేము చేపట్టిన రుసుములన్నియు కడపటి తేదీకి ముందే చెల్లినవి. రశీదులు విద్యార్థుల చేతిలో నున్నవి. వసతిగృహము మరమ్మతు అనుకొన్నదానికంటె ఇరువది దినములాలస్యమైనను, ఏల ఆలస్యమైనదో చెప్పగలుగుచున్నాము. వైద్యశిబిరము మాత్రము చెడినది. శనగ విత్తు దినములలో పెట్టితిమి. జనులు చేలలో నుండిరి, వైద్యులు ఖాళీ కుర్చీలను చూచుచుండిరి. రైతును అడుగని కాలువ కంపెనీ కథను తెలిసియు మేమును రైతును అడుగమరచితిమి. దీనిని దాచక చెప్పుచున్నాను. చెడిన పనిని వ్రాసి పెట్టుటయు ఆ విద్యలోని భాగమే.

రెండేండ్ల క్రిందట స్థానము పోగొట్టుకొన్న ఆ బాలిక ఒక యేడు ఇంట నుండి, మరుసటి యేడు వేరొక కళాశాలలో చేరినది. ఆమె యేడు మేము తిరిగి యియ్యలేము. ఆమె పేరు మా గోడ కాగితముపై మొదటి వరుసలో నున్నది. దాని కెదురుగ వ్రాసిన బాధ్యుని పేరు నాదే.

కొందరు మిత్రులు రెండాక్షేపణలు చేయుచున్నారు. సేవ చేయువారిని తేదీలతోను, లెక్కలతోను బిగించిన మనసు విరుగునని యొకటి. మా యనుభవము వేరు. మునుపు పనియంతయు నలుగురి నెత్తిన పడి వారే విసిగి మానుకొనుచుండిరి. ఇప్పుడు ఎవరి వంతు ఎంతయో తెలియుటచే ఏడుగురును మిగిలియున్నాము. శిక్షణకు వ్యయము చేయు సొమ్ము బీదలనోటి కూడని రెండవ యాక్షేపణ. ఆ సొమ్మును మాకు దాచుకొననిచ్చి, నేర్పును దాచినందుచేతనే గదా ఆ బాలికకు చదువు దప్పినది! మరియు మా గురువు వలదన్నను మేము వారికి బస్సు ఖర్చును, గౌరవవేతనమును ఇచ్చితిమి. ఉచితముగా వచ్చిన పాఠమును ఉచితముగానే మరతుము.

ఇంకొకమాట. 2013 నాటి కంపెనీల చట్టము ననుసరించి, నిర్ణీత పరిమాణమును మించిన కంపెనీలు గత మూడేండ్ల సగటు నికరలాభములో నూటికి రెండు వంతులు ప్రజాహితకార్యములకు వెచ్చింపవలెను. అట్టివారి తలుపు తట్టినచో, మీ కులమేది, మీ చరిత్రయేమి యని వారడుగరు. ఏ తేదీకి ఏ పని, ఎంత వ్యయము, ఎవరు బాధ్యులు, ఫలితమును ఎట్లు చూపుదురు అని యడుగుదురు. ఆ ప్రశ్నకు మన గోడ కాగితమే సమాధానము.

2022 ఏప్రిల్ 4వ తేదీన నంద్యాల ప్రత్యేకజిల్లా యైనది. జిల్లా ముఖ్యపట్టణము మన ముంగిటికి వచ్చినది. ఈ పట్టణమునను, చుట్టుప్రక్కలను విశ్రాంతి పొందిన ఇంజనీర్లు, బ్యాంకు ఉద్యోగులు, ప్రధానోపాధ్యాయులు ఎందరో కలరు. హైదరాబాదు కంపెనీలలో పెద్ద పనులు నడపుచు పండుగలకు ఇంటికి వచ్చు మన బిడ్డలును కలరు. వారిని వేదికయెక్కించి శాలువలు కప్పి పంపివేయుచున్నాము. శాలువతోపాటు మన తీర్మానముల పుస్తకమును వారి చేతికిచ్చి, అయ్యా, ఆరు ఆదివారములు మాకిండు అని యడుగుదము.

కావున ఈ మహాసభవారు మూడు సంగతుల నాలోచింతురుగాక. ప్రతి శాఖయు నేను చెప్పిన నాలుగు సంగతుల కాగితమును ఈ నెలలో వ్రాసి పంపవలెను. ప్రతి శాఖనుండి ఇద్దరు, వారిలో నొకరు స్త్రీ, ఈ విద్య నభ్యసింపవలెను. వచ్చు మహాసభయలంకరణకు వెచ్చించు సొమ్ములో కొంత తగ్గించి శిక్షణనిధిగా ఏర్పరుపవలెను. ఈ మూడింటికిని ఒక్కొక్కరి పేరును, ఒక్కొక్క తేదీని ఈ సాయంకాలము లేచిపోవుటకు ముందే వ్రాయుడని ప్రార్థించుచున్నాను. లేనియెడల ఈ తీర్మానమును పదిమంది చేతిలోని పామే యగును.